సీరియల్లో లేని మంచం

పోయిన వారం అచ్చియమ్మను కుళాయి దగ్గర, నిండిన బిందె పక్కన వదిలిపెట్టాం. ఆవిడ ఇల్లు చేరేలోగా జరిగిందంతా ఒకసారి తలుచుకుందాం. ఎన్నికల రోజుల్లో ఎవరి కథా ఎవరికీ సరిగ్గా గుర్తుండటం లేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గూడ్సు గార్డు రమణమూర్తి భార్య మాధవీలత కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడింది. ఆ వార్డు ఈసారి ఆడవాళ్ళకి వచ్చింది. కాలనీ గోడ అవతలి బస్తీకి నీళ్ళ కుళాయి తెప్పిస్తానని ఆమె మాట ఇచ్చింది. గుర్తు గొడుగు. రమణమూర్తి ప్రభుత్వోద్యోగి కనుక ప్రచారంలో పెదవి విప్పకూడదు. బండి చివర బ్రేకు వ్యానులో ఒంటరిగా కూర్చుని రాయగఢ్ వైపు పోతున్నప్పుడే అతని ప్రాణం హాయిగా ఉంటోంది. ఎదురు నిలబడింది కాంట్రాక్టరు గిరిబాబు భార్య స్వాతి. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఓట్లూ సగం సగం.

అంతలో ఒక పుకారు లేచింది. మాధవీలత అత్తగారి నడుము నుంచి తాళాల గుత్తి లాక్కుందట. చల్లారిపోయిన అన్నం పెడుతోందట. ఈ డిసెంబరు చలిలో ముసలావిడ మంచం తీసి వెనక వరండాలో పడేసిందట. ఇంట్లో అత్తనే చూసుకోలేని మనిషి వార్డునేం చూసుకుంటుందని గిరిబాబు మనుషులు గుమ్మం గుమ్మం దగ్గరా అడుగుతున్నారు. ఆ అత్తే మన అచ్చియమ్మ. ఆ పుకారు తన నోట్లోంచే బయటపడిందని ఆ శనివారం సాయంత్రం, కుళాయి దగ్గర ఆవిడకి తెలిసింది.

అదెలాగో తెలియాలంటే ఆ కుళాయి సంగతి తెలియాలి. రైల్వే కుళాయికి నాలుగింటికి నీళ్ళొస్తాయి. గోడకి పడ్డ కంతలోంచి బస్తీ ఆడవాళ్ళు కూడా బిందెలతో వస్తారు. పగలంతా ఆఫీసర్ల బంగళాల్లో అంట్లు తోమి, బట్టలుతికి వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం సీరియల్ చూసే యోగం వాళ్ళకి లేదు. టీవీ ఉన్నవాళ్ళకి కరెంటు ఉండదు; ఊళ్ళో కరెంటు పోయినా పోనిది రైల్వే క్వార్టర్లలోనే. అందుకని అచ్చియమ్మ సీరియల్ చూసి, కుళాయి దగ్గర కూర్చుని ఆ రోజు భాగం తెలుగులో చెప్తుంది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. హిందీ పేర్లు ఆవిడ నాలుకకి పట్టవు కనుక పేర్లుండవు. ఉన్నది ఒక అత్త, ఒక కోడలు, ఒక సన్నాసి కొడుకు. "మన కోడలు ఇయ్యాళేటి చేసిందో తెలుసా" అని మొదలుపెడితే, మన కోడలంటే ఎవరో బిందెలకి కూడా తెలుసు.

తెలియనిది ఒక్కరికే. గిరిబాబు ప్రచారానికి కూలికి కుదుర్చుకున్న కొత్త మనిషి ఒకామె ఓట్లడగడానికి అటు వచ్చి, దాహమేసి కుళాయి దగ్గర ఆగింది. విన్నది. విన్నది విన్నట్టే మోసుకుపోయింది.

"నువ్వేటీ దిగులెట్టుకోకమ్మా," అంది అసిరమ్మ. బస్తీలో అచ్చియమ్మ కథలకి మొదటి శ్రోత ఆమే. "అదంతా సీరియలని నాను అందరికీ సెప్తాను. మాధవమ్మ కనపడితే ఆమెకీ సెప్తాను."

అచ్చియమ్మ తల ఊపింది. దిగులు పోలేదు. ఎందుకు పోలేదో ఆవిడ ఒక్కదానికే తెలుసు. అసిరమ్మకి కూడా తెలియదు.

* * *

ఇల్లు చేరేసరికి మాధవీలత అప్పటికే వచ్చి ఉంది. గుమ్మంలో చెప్పులు రెండూ రెండు వైపులకి పడి ఉన్నాయి. ముందుగది నిండా జెండా కర్రలు, గొడుగు బొమ్మ అచ్చేసిన గుడ్డలు, మైదా జిగురు డబ్బా. ఆ గదిలో ఖాళీగా ఉన్నది టీవీ ముందు మూడడుగుల చోటు మాత్రమే. అదీ మనవరాలు సౌమ్య పోట్లాడి మిగుల్చుకున్న చోటు.

మాధవీలత ఎదురొచ్చి బిందె అందుకుంది. చాలా రోజుల తరవాత ఆమె మొహంలో నవ్వుంది.

"అసిరమ్మ దారిలో కనిపించింది అత్తయ్యా. అంతా చెప్పింది. సీరియల్ కథ మన నెత్తిన పడిందట." బిందె కింద పెట్టి గోడకి చేరగిలబడింది. "అచ్ఛా, నేనొకటి చెప్పాలి. నాకు మీ మీద అనుమానం వచ్చింది. మీరే ఎవరి దగ్గరో చెప్పుకుని ఉంటారని. అందుకే మీకు ఎదురుపడకుండా తిరిగాను. తప్పు నాది. ఏమీ అనుకోకండి."

అచ్చియమ్మ ఏమీ అనుకోలేదు. అనుకునే స్థితిలో లేదు. కోడలు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టుకి తిట్టు జవాబు చెప్పి, పప్పులో పోపు వేసుకుని, రాత్రికి మామూలైపోవచ్చు. క్షమించమని అడిగిన మనిషి ముందు ఏం చేయాలో ఆవిడకి అలవాటు లేదు.

"రేపు సాయంత్రం మన తెలుగు సంఘం మీటింగు కదా," అంది మాధవీలత. "నన్నూ స్వాతినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి అందరూ అడుగుతారు. మీరు లేచి 'అది సీరియల్, మా కోడలు కాదు' అని ఒక్క మాట అనండి. చాలు."

ఒక్క మాట. అచ్చియమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి టీ పెట్టింది. నీళ్ళు కాగేదాకా ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. అందులో అబద్ధం కొంచెమే ఉంది. తాళాల గుత్తి సీరియల్లోదే. చల్లారిన అన్నమూ సీరియల్లోదే. మాధవి వేడన్నం తప్ప ఎప్పుడూ పెట్టి ఎరగదు, నెయ్యి కూడా అడక్కుండానే వేస్తుంది. ఆ రెండింటి మధ్యా మూడోది కూడా కలిసిపోతుంది. అడిగేవాళ్ళు లేరు. మాధవి నవ్వుతోంది. ఇలా నవ్వి ఎన్ని రోజులైందో.

కోడలి చేతికి గ్లాసు ఇచ్చి, తనూ పీట లాక్కుని కూర్చుంది.

"మాధవీ. ఆ మంచం సీరియల్లో లేదు."

"ఏ మంచం?"

"వరండాలోకి పోయిన మంచం. సీరియల్లో ఆ అత్తకి మేడ మీద గది ఉంది. ఆవిడ పందిరి మంచం కదపాలంటే నలుగురు వస్తాదులు కావాలి. ఆవిడ మంచాన్ని ఎవరూ వరండాలో వెయ్యలేదు. అది నేను కలిపీసాను."

మాధవీలత గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. పెరటి తలుపు తీసే ఉంది. అందులోంచి వెనక వరండాలో ఉన్న నవారు మంచం, మంచం మీద మడత పెట్టిన రజాయి, గాలికి టపటపలాడుతున్న పాత టార్పాలిన్ కనిపిస్తున్నాయి. ప్రచారం మొదలైనప్పుడు ముందుగది కార్యకర్తలకి కావలసి వచ్చింది. పోలింగు అయ్యేదాకా అనుకుని మంచం అక్కడికి మార్చారు.

"నేను అడిగాను కదా అత్తయ్యా," అంది చివరికి. గొంతు పెరగలేదు, అందుకే అచ్చియమ్మకి భయం వేసింది. "మీకేమైనా ఇబ్బందా అని అడిగాను. లేదమ్మా అన్నారు."

"అడిగావు. అప్పటికి మంచం తల వైపు నువ్వు పట్టుకున్నావు, కాళ్ళ వైపు మావాడు పట్టుకున్నాడు. మంచం గాలిలో ఉండగా ఇబ్బందని ఎవరంటారు చెప్పు."

"అనాల్సింది."

"అనాల్సిందే. అనలేకపోయాను."

ముందుగదిలో సౌమ్య ఏదో హిందీ పాట కూనిరాగం తీస్తోంది. బయట ఒక ఆటో మైకులో స్వాతి పేరు అరుచుకుంటూ పోయింది. మాధవీలత గ్లాసు కింద పెట్టేసింది.

"అందుకని ఊరంతా చెప్తారా?"

"ఊరికి చెప్పలేదమ్మా. ఆ రోజు కుళాయి దగ్గర కూర్చుని మామూలుగానే కథ చెప్తున్నాను. రాత్రంతా చలికి నిద్ర లేదు, కాళ్ళు కొంకర్లు పోయాయి. చెప్తూ చెప్తూ ఉండగా ఏటైందో, 'అత్త మంచం వరండాలో పడింది' అనీసాను. అసిరమ్మ వెంటనే కొంగుతో కళ్ళొత్తుకుంది. అయ్యో పాపం ఆ తల్లి అంది. ఒకామె ఆ కొడుకుని తిట్టింది. ఇంకొకామె, ఆ అత్త నోరు మంచిది కాబట్టి ఊరుకుంది, నేనైతేనా అంది. నాకు ఎంత బాగుందో ఏటని చెప్పను. నా పేరు మీద ఏడిస్తే నీకు మాట వస్తుంది. ఆవిడ పేరు మీద ఏడిస్తే ఎవరికీ ఏటీ అవదు కదా అనుకున్నాను. అందుకని మర్నాడు కూడా మంచం వరండాలోనే ఉంచాను. ఆ మర్నాడు వాన పడిందన్నాను."

"వాన పడలేదే."

"కథకి బాగుంటుందని."

మాధవీలత నవ్వలేదు. నవ్వొచ్చినా ఆపుకుందేమో తెలియదు. అచ్చియమ్మ కోడలి మొహంలోకి చూసింది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఈ పిల్ల తనకి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఒక్క విషయం మాత్రం నిక్కచ్చిగా ఉండేది. ఇంటి మాట గడప దాటకూడదు. తన పుట్టింట్లో ఇంటి మాటలు వీధిలోకి వెళ్ళి ఏం జరిగిందో మాధవి ఒకసారి చెప్పింది, చెప్పి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. అత్తాకోడళ్ళిద్దరికీ మధ్య ఉన్నదంతా ఆ నమ్మకమే. అది ఇప్పుడు ఇంత పల్చగా కనిపిస్తోంది.

"నేను ఓడిపోతే," అంది మాధవీలత మెల్లగా, "ఆ గోడకి కంత కూడా ఉండదు అత్తయ్యా. గిరిబాబుకి ఆ గోడ కాంట్రాక్టు వస్తుంది. కంత పూడ్చేస్తారు. మీ కథ వినడానికి అసిరమ్మ రావడానికి కూడా దారి ఉండదు."

అలా అని లేచి వరండాలోకి వెళ్ళింది. మంచం ఒక పక్క పట్టుకుని లోపలికి లాగబోయింది. అచ్చియమ్మ వెనకాలే వెళ్ళి రెండో పక్క పట్టుకుంది, లోపలికి తొయ్యడానికి కాదు, ఆపడానికి.

"వద్దు."

"ఏమిటి వద్దు? చలిలో మళ్ళీ పడుకుంటారా?"

"ఇప్పుడు లోపలికి తెస్తే అది మంచం కాదమ్మా, అది కూడా ఒక పోస్టరు. అందరూ చూడాలని తెచ్చినట్టు ఉంటుంది. ఇన్నాళ్ళు ఉన్నచోటే ఉండనీ."

మాధవీలత మంచం వదిలేసింది. దాని మీదే కూలబడింది. కొంతసేపటికి టార్పాలిన్ కింది నుంచి చలిగాలి వచ్చి ఆమె పాదాలకి తగిలింది. వేళ్ళు ముడుచుకోవడం అచ్చియమ్మ చూసింది. మాధవీలత లేచి ముందుగదిలోకి వెళ్ళి, వీధికి అడ్డంగా కట్టడానికి కుట్టించిన పెద్ద బ్యానరు తెచ్చింది. దాన్ని టార్పాలిన్ కిందుగా, గాలి వచ్చే చోట, మేకులకి బిగించి కట్టింది. తొందరలో తలకిందులుగా కట్టింది. మాధవీలత పేరు తలకిందులైంది, గొడుగు దోసిలి పట్టినట్టు పైకి తిరిగింది.

"రేపు మీటింగుకి వస్తారా?" అని అడిగింది, ముడి వేస్తూనే, ఇటు తిరక్కుండా.

"వస్తే ఏటి చెప్పమంటావు?"

మాధవీలత ముడి బిగించి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అచ్చియమ్మకి గాలి తగల్లేదు. నిద్ర మాత్రం పట్టలేదు.

* * *

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి బిలాస్‌పూర్‌లో ఎన్నికలు ఆగిపోతాయి. అంతవరకు గొంతులు చించుకున్న మైకులు నోరు మూసుకుంటాయి. ఆ వేళకి ఓటడగడానికి వెళ్తే తలుపు తీసే నాథుడుండడు, ఎందుకంటే టీవీలో గగన్‌రక్షక్ వచ్చే వేళ అది. నీలం దుప్పటి లాంటి ఒకటి భుజాన కట్టుకుని ఆకాశంలో ఎగురుతాడు. మామూలప్పుడు కళ్ళద్దాల గుమాస్తా. ఆపద వచ్చిందంటే చాలు, ఏ గది మూలకో వెళ్ళి ముసుగు తగిలించుకుంటాడు.

బస్తీ పిల్లలంతా ముందుగదిలో జెండా కర్రల మీద కూర్చున్నారు. వాళ్ళ తల్లులు గుమ్మం దాకా నిండారు. అసిరమ్మ కిటికీ దగ్గర.

"మామ్మా, షురూ హో గయా, బేగి రా," అని సౌమ్య కేకేసింది.

అచ్చియమ్మ తన స్టూలు మీద కూర్చుంది. పక్కకి చూస్తే మాధవీలత. చీర కొంగు దోపుకుని, ప్రచారానికి బయల్దేరిన మనిషి, గోడ పక్క చతికిలబడి ఉంది. పొద్దున్నించి అత్తతో మాట్లాడలేదు. అయినా వచ్చి పక్కనే కూర్చుంది.

టీవీలో బొగ్గు బండి ఒకటి బ్రేకులు ఫెయిలై దూసుకొస్తోంది. పట్టాల మీద బడి బస్సు. గగన్‌రక్షక్ దిగి, ఒంటి చేత్తో ఇంజన్ని ఆపాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఆగదు," అంది అచ్చియమ్మ.

"మామ్మా, వో సూపర్‌హీరో హై."

"ఎవరైతే నాకేటి. మీ తాతయ్య ముప్పై ఏళ్ళు ఇంజన్ తోలాడు. లోడు బండికి బ్రేకేస్తే ఆగడానికి కిలోమీటరు పడుతుంది. ఇంజన్ని వాడు ఆపాడే అనుకో, వెనకున్న వాగన్లు ఊరుకుంటాయేటి? ఒకదాని మీదొకటి ఎక్కీస్తాయి. చివర డబ్బాలో గార్డు ఉంటాడు. మీ నాన్న లాంటోడు. వాడి గతేటి?"

గది అంతా నవ్వింది. సౌమ్య ఉడుక్కుంది. మాధవీలత కూడా నవ్వి, నవ్వినందుకు తన మీద తనే విసుక్కున్నట్టు మొహం తిప్పుకుంది. కాసేపటికి, టీవీ మీద నుంచి చూపు తీయకుండానే అంది:

"ఏదైతేనేం అత్తయ్యా. వారమంతా ఎవరో ఒకరు వచ్చి ఓటు, ఓటు అంటారు. నేనే అందరి ముందూ చేతులు జోడిస్తున్నాను. వీడొక్కడే ఇంత చేసి, ఎవర్నీ ఏమీ అడక్కుండా పోతాడు. ఇది చూస్తే నాకు ఊపిరాడినట్టు ఉంటుంది."

అచ్చియమ్మ ఆ మాట విని టీవీలోకి చూసింది. బండిని ఆపినవాడు ఇంటికి వెళ్ళి, ముసుగు తీసేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, తల్లి వడ్డిస్తుంటే తలొంచుకుని తింటున్నాడు. ఇంత పని తను చేశానని ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పడు. ముసుగులో ఉన్నంతసేపే వాడి ధైర్యమంతా. తను చేసింది కూడా అదే. సీరియల్ అత్త ముసుగు వేసుకుని కుళాయి దగ్గర ఏడ్చుకుంది, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు అన్నం తింది. వీడు లోకాన్ని రక్షించాడు, తను కోడల్ని ముంచింది. తేడా అంతే.

అప్పుడే గుమ్మంలో ఆడవాళ్ళు పక్కకి జరిగారు. గిరిబాబు లోపలికి వచ్చాడు. తెల్ల పైజామా, నెహ్రూ కోటు, మెడలో శాలువ. చేతిలో కమలాపళ్ళ సంచి. దూరపు చుట్టరికం ఉంది, పిన్నీ అని పిలుస్తాడు. మాధవీలత లేచి నిలబడింది.

"కూర్చో చెల్లీ, ప్రచారానికి రాలేదు. పిన్నిని చూసి పోదామని," అని అచ్చియమ్మ దగ్గర ఒంగి గొంతు తగ్గించాడు. "పిన్నీ, సాయంత్రం మీటింగుకి మీరు రాకండి. చలి. మీ ఒంటికి పడదు."

"నా ఒంటి సంగతి నీకెందుకొచ్చిందిరా?"

"మీరొస్తే నేనో మాట అడగాల్సి వస్తుంది. అందరిలోనూ. మా మనిషి విన్నది సీరియలని అసిరమ్మ ఊరంతా చెప్పుకొస్తోంది. మా స్వాతి రోజూ ఆ సీరియల్ చూస్తది పిన్నీ. మంచం సంగతి అందులో లేదని ఆమెకి తెలుసు." అతని చూపు ఒక్కసారి పెరటి తలుపు వైపు పోయి వచ్చింది. "మీరు రాకపోతే నేను ఏటీ అడగను. మాట ఇస్తున్నాను. మీరు అబద్ధమాడే మనిషి కాదు, నాకు తెలుసు. మిమ్మల్ని అలాంటి ఇరకాటంలో పెట్టడం నాకూ ఇష్టం లేదు."

మాట తియ్యగా ఉంది. అచ్చియమ్మ అందులో గింజ కోసం వెతికింది, దొరికింది. తను వెళ్ళకపోతే, వీడు అడగక్కర్లేదు. అత్త ఏదీ, ఎందుకు రాలేదని జనమే అడుగుతారు. వరండాలో మూలుగుతూ పడుందని జనమే చెప్పుకుంటారు.

"కమలాపళ్ళు పిల్లలకి పంచు," అంది. "వచ్చినవాడివి కూర్చో. బండి ఎలా ఆగిందో చూసి పో."

గిరిబాబు కూర్చోలేదు. సంచి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాటలన్నీ విన్నది మాధవీలత ఒక్కతే. ఆమె అత్త వైపు చూసింది. వెళ్ళమని అనలేదు, వద్దనీ అనలేదు. చాలాసేపు చూసి, మూల ఉన్న తన ఉన్ని శాలువ తెచ్చి అచ్చియమ్మ ఒళ్ళో పెట్టింది.

* * *

బుధవారి బజారు పక్క మైదానంలో తివాచీలు పరిచారు. మంకీ టోపీలు, శాలువలు, వేరుశనగ పొట్లాలు. వేదిక మీద ఒక చివర మాధవీలత, ఇంకో చివర స్వాతి, మధ్యలో సంఘం అధ్యక్షుడు శేషగిరిరావు. ఆయన రైల్వే బడిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. మైకు ముందు కూడా క్లాసులో ఉన్నట్టే మాట్లాడతాడు. స్వాతి పాపం చేతిలో రుమాలు నలుపుకుంటూ నేల చూస్తోంది. ఆమెని నిలబెట్టింది మొగుడు, ప్రశ్నలకి జవాబులు నేర్పిందీ మొగుడే.

అచ్చియమ్మ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. వెనక ఎక్కడో అసిరమ్మ. ఇంకా వెనక, మైదానం గోడ దగ్గర, ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చిన రమణమూర్తి. తెల్ల యూనిఫారం మీద స్వెటర్, కాళ్ళ దగ్గర డ్యూటీ సామాను పెట్టుకునే లైన్ బాక్సు. మీటింగుకి వచ్చినట్టు కాక, దారిన పోతూ ఆగినట్టు నిలబడ్డాడు. రూలు అంతవరకే ఒప్పుకుంటుంది.

కుళాయి గురించి అడిగారు, మురుగు కాలవ గురించి అడిగారు. మాధవీలత బాగానే చెప్పింది. అప్పుడు గిరిబాబు లేచాడు.

"మాస్టారూ, నాది ప్రశ్న కాదు, ఒక సందేహం. వార్డు సంగతి తరవాత. ముందు ఇల్లు. పిన్ని ఇక్కడే ఉన్నారు, నేను వేరే ఎవరినీ అడగను. పుకార్లు మనకెందుకు." అచ్చియమ్మ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా చేతులు జోడించాడు. "పిన్నీ, ఒక్కటే చెప్పండి. రాత్రి మీరెక్కడ పడుకుంటున్నారు?"

వేరుశనగలు ఒలిచే చప్పుడు కూడా ఆగింది. శేషగిరిరావు ఇది అడగదగ్గదా కాదా అని తేల్చుకోలేక కళ్ళద్దాలు తీసి తుడిచాడు. గోడ దగ్గర రమణమూర్తి తల దించుకున్నాడు. మంచం కాళ్ళ వైపు పట్టుకున్నది తనే కదా.

అచ్చియమ్మ లేచింది. ఎవరో మైకు అందించారు. చేతిలో చల్లగా, అనుకున్న దానికంటే బరువుగా ఉంది. వేదిక మీద మాధవీలత ఆవిడనే చూస్తోంది. ఏం చెప్పమంటావని నిన్న తను అడిగిన ప్రశ్నకి కోడలు ఇంకా జవాబు చెప్పలేదు. అది సీరియల్ అని ఒక్క మాట అంటే కోడలు గెలుస్తుంది. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది.

"వరండాలో," అంది.

మైదానమంతా ఒక్కసారి గుసగుసలు లేచాయి. గిరిబాబు ఇంక నాకేం అక్కర్లేదన్నట్టు కూర్చోబోయాడు. మాధవీలత కళ్ళు మూసుకుంది.

"కూర్చోకు, నిలబడు. నువ్వే కదా అడిగావు," అంది అచ్చియమ్మ మైకులోనే. అప్పుడు వెనక్కి తిరిగి, ఆడవాళ్ళ వరసల్లోకి చూసింది. అది కుళాయి దగ్గర రోజూ కథ మొదలెట్టే గొంతే. "అసిరమ్మా, ముందుకొచ్చి కూర్చో. నీకిన్నాళ్ళూ ఒక అత్త కథ చెప్పాను. ఆ అత్త పేరు చెప్పలేదు. ఇయ్యాళ పేరుతో చెప్తాను, విను."